సిగ్నల్ పంపడానికి ఏది మేలు: రాగి తీగా, ఫైబరా, రేడియోనా?

ఒకచోట సెన్సార్ ఉంది, దాని రీడింగ్ ఇంకోచోట ఉన్న కంప్యూటర్‌కి చేరాలి. లేదా గేటు దగ్గర కెమెరా, లోపలెక్కడో రికార్డర్. లేదంటే రెండు బిల్డింగులకి కలిపి ఒకే నెట్‌వర్క్ కావాలి. ఇలాంటి పని మొదలుపెట్టగానే అందరూ అడిగేది "ఏది స్పీడు?" అని. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ఎక్కువ స్పీడున్నది తెచ్చి, అందులో వందో వంతు కూడా వాడకుండా, లింక్ మాటిమాటికీ తెగిపోతోందని తల పట్టుకునేవాళ్లు చాలామంది. స్పీడు కొంత వదులుకుంటే దూరం, నిలకడ వస్తాయి. ఎంత వదులుకోగలరో ముందే తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఏ కమ్యూనికేషన్ సిస్టమ్‌ని విప్పి చూసినా ఉండేవి మూడు: పంపే ట్రాన్స్‌మిటర్, అందుకునే రిసీవర్, మధ్యలో సిగ్నల్ నడిచే ఛానల్. మొదటి రెండూ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. ఛానల్ అలా కాదు. గోడలో వేసేసిన కేబుల్‌నో, రెండు యాంటెన్నాల మధ్య ఎదిగిన చెట్టునో అంత తేలిగ్గా మార్చలేం. అందుకే ఈ పోలికంతా ఛానల్ చుట్టూనే తిరుగుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎంత సమాచారం పంపాలి? ఊహించకుండా లెక్క కట్టండి. నిమిషానికోసారి 16 బిట్ల ఉష్ణోగ్రత రీడింగ్ పంపితే సెకనుకి అర బిట్టు కూడా అవదు. ఫోన్‌లో మాటకి 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న భాగం చాలు. ఏ సిగ్నల్‌నైనా డిజిటల్‌గా మార్చాలంటే అందులోని గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు శాంపిల్ తీయాలి, అంటే కొలిచి అంకెగా రాసుకోవాలి. అందుకే టెలిఫోన్‌లో సెకనుకి 8,000 శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు, వెరసి 64 కిలోబిట్లు. సీడీ నాణ్యత స్టీరియో పాటకి 44,100 శాంపిళ్లు, 16 బిట్లు, రెండు ఛానళ్లు కలిపి సెకనుకి 14 లక్షల బిట్లు దాటుతుంది. కంప్రెస్ చేసిన హెచ్‌డీ వీడియోకి మామూలుగా కొన్ని మెగాబిట్లు చాలు. మీ అంకె వచ్చాక దాన్ని రెట్టింపు చేసి ఒక కాగితం మీద రాసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే.

చుట్టూ నాయిస్, అంటే సిగ్నల్‌లో కలిసిపోయే అక్కర్లేని గరగర, ఎంత? 1948లో గణితవేత్త క్లాడ్ షానన్ చూపించిందేమిటంటే, ఒక ఛానల్‌లో తప్పుల్లేకుండా పంపగలిగే సమాచారానికి హద్దు రెండిటి చేతిలో ఉంటుంది: బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ వాడుకునే ఫ్రీక్వెన్సీల వెడల్పు), సిగ్నల్‌కీ నాయిస్‌కీ ఉన్న నిష్పత్తి. నిష్పత్తి చెడకుండా బ్యాండ్‌విడ్త్ రెట్టింపైతే హద్దు కూడా రెట్టింపవుతుంది. పవర్ రెట్టింపు చేస్తే మాత్రం, సిగ్నల్ అప్పటికే బలంగా ఉన్నచోట, ప్రతి హెర్ట్జ్‌కీ సెకనుకి ఒక్క బిట్టే అదనంగా వస్తుంది. సిగ్నల్ అందట్లేదు కాబట్టి పవర్ పెంచుదాం అనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఈ పాఠం కొత్తదేం కాదు. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన తొలి టెలిగ్రాఫ్ కేబుల్‌లో విక్టోరియా మహారాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. అంత పొడవు కేబుల్ ఒక పెద్ద కెపాసిటర్‌లా ప్రవర్తించి ప్రతి పల్స్‌నీ సాగదీసి పక్కదానిలో కలిపేసేది. కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దీనికి మందుగా సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. కొన్ని వారాల్లోనే కేబుల్ పూర్తిగా మూగబోయింది. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియమ్ థామ్సన్ తక్కువ వోల్టేజీ చాలని, అతి చిన్న కరెంటునీ పట్టే మిర్రర్ గాల్వనోమీటర్‌ని రిసీవర్‌గా వాడాలని వాదించాడు. 1866లో నిలదొక్కుకున్న కేబుల్ ఆయన దారిలోనే నడిచింది. గొంతు చించుకోవడం కన్నా చెవి పదును పెట్టుకోవడం మేలన్నమాట.

రెండు చివర్లకీ ఎర్త్ ఒకటేనా? కొత్తవాళ్లు దీన్ని అసలు అడగరు, తర్వాత పరికరాలు కాలిపోయాక అడుగుతారు. వేర్వేరు బిల్డింగుల ఎర్త్‌ల మధ్య కొన్ని వోల్టుల తేడా మామూలే. దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ తేడా వేలల్లోకి పోతుంది. వాటిని కలుపుతూ రాగి తీగ ఉంటే ఆ తేడా అంతా దానిగుండా వచ్చి మీ పరికరాల మీద పడుతుంది.

కరెంట్ ఎక్కణ్నుంచి? అవతలి చివర ప్లగ్గు లేకపోతే తీగలోనే పవర్ పంపాలి, లేదా బ్యాటరీ పెట్టాలి. ఇదొక్కటే చాలాసార్లు తీర్పు చెప్పేస్తుంది.

ఆలస్యం ఎంతవరకూ ఓర్చుకోగలరు? రీడింగులకి సెకన్ ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. మోటార్ ఆపే కమాండ్‌కి అది కుదరదు.

డీబీ (డెసిబెల్) లెక్కలు తెలియనివాళ్లకి ఒక్క మాట. ఇది ఒక పవర్ ఇంకోదానికి ఎన్నింతలో చెప్పే కొలత. 3 డీబీ అంటే పవర్ రెట్టింపు, 10 డీబీ అంటే పదింతలు, 20 డీబీ అంటే వందింతలు. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. లాభాలు కూడుతూ నష్టాలు తీసేస్తూ పోతే లింక్ లెక్క వచ్చేస్తుంది, గుణకారాలతో పనుండదు.

## అనలాగా, డిజిటలా?

ఇప్పుడంతా డిజిటలే కదా, ఇంకా ఈ ప్రశ్న ఎందుకు అనిపించొచ్చు. అనలాగ్‌లో దారి పొడుగునా ప్రతి యాంప్లిఫయర్ సిగ్నల్‌తోపాటు అప్పటిదాకా చేరిన నాయిస్‌ని కూడా పెంచేస్తుంది. డిజిటల్‌లో రిపీటర్ వచ్చింది సున్నానా ఒకటా అని తేల్చుకుని కొత్తగా పంపుతుంది కాబట్టి నాయిస్ అక్కడే ఆగిపోతుంది. బదులుగా ఒక ఇబ్బంది ఉంది. అనలాగ్ మెల్లమెల్లగా చెడుతుంది, గరగర వినిపించినా మాట అర్థమవుతుంది. డిజిటల్ బాగున్నంతసేపు బ్రహ్మాండంగా ఉండి, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే డిజిటల్ లింక్‌ని "ఇప్పుడు పనిచేస్తోంది" అని వదిలేయకూడదు, ఎంత మిగులుతో పనిచేస్తోందో చూడాలి.

అనలాగ్ ఇంకా గట్టిగా నిలబడ్డ చోటు ఫ్యాక్టరీ. అక్కడి 4–20 మిల్లీఆంప్ లూప్‌లో కొలత వోల్టేజీగా కాక కరెంటుగా వెళ్తుంది. సిరీస్ సర్క్యూట్‌లో ఎక్కడ కొలిచినా కరెంటు ఒకటే కాబట్టి తీగ రెసిస్టెన్స్ వల్ల రీడింగ్ మారదు. చివర్లో 250 ఓమ్స్ రెసిస్టర్ పెడితే 1 నుంచి 5 వోల్టులు వస్తుంది. సున్నా కొలతకి 4 మిల్లీఆంప్‌లు ఎందుకంటే, కరెంటు నిజంగా సున్నాకి పడిపోతే తీగ తెగిందని వెంటనే తెలుస్తుంది. పైగా ఆ రెండు తీగల మీదే సెన్సార్‌కి పవర్ కూడా అందుతుంది. ఒక్క సెన్సార్, ఒక్క కొలత, కొన్ని వందల మీటర్లు అయితే దీన్ని తీసేసి ఇంకోటి పెట్టాల్సిన కారణం నాకైతే కనబడదు.

రేడియోలో ఏఎం, ఎఫ్ఎం తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏఎంలో 5 కిలోహెర్ట్జ్ ఆడియోకి 10 కిలోహెర్ట్జ్ చాలు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్ తీసుకున్న వైడ్‌బ్యాండ్ ఎఫ్ఎం 15 కిలోహెర్ట్జ్ ఆడియోకి సుమారు 180 కిలోహెర్ట్జ్ తీసుకుంటుంది. అంత బ్యాండ్‌విడ్త్ ఖర్చుపెట్టి ఆయన సంపాదించింది నాయిస్ నుంచి విముక్తి. అంటే బ్యాండ్‌విడ్త్‌ని స్పీడు కోసమే వాడాలని లేదు, నిలకడ కోసం కూడా వాడొచ్చు. తక్కువ పవర్‌తో, నెమ్మదిగా, చాలా దూరం పంపే లోరా అనే రేడియో పద్ధతి దగ్గరికి వచ్చినప్పుడు ఇది మళ్లీ పనికొస్తుంది.

## రాగి తీగ: ఎంత పాతదో అంత పనికొచ్చేది

రాగిలో మూడు దారులున్నాయి, మూడింటి పనీ వేరు.

ఆర్‌ఎస్-485. తీగ మీద డేటా పంపే ఒక ప్రమాణం ఇది. ఒకే జత తీగల మీద చాలా పరికరాలు వరసగా కలుపుకోవచ్చు. మామూలు లెక్కలో 32. సెకనుకి 100 కిలోబిట్ల వేగంలో 1,200 మీటర్ల దాకా పోతుంది. వేగం పెంచేకొద్దీ దూరం తగ్గుతుంది. సిగ్నల్ రెండు తీగల మధ్య తేడాగా వెళ్తుంది. తీగలు మెలిపెట్టి ఉంటాయి కాబట్టి బయటి నాయిస్ రెండిటి మీదా దాదాపు సమానంగా పడుతుంది, రిసీవర్ తేడా తీసేసరికి అది చాలావరకు కొట్టుకుపోతుంది.

ఇందులో ఎక్కువమంది పప్పులో కాలేసేది టెర్మినేషన్ దగ్గర, అంటే సిగ్నల్ కొసల నుంచి వెనక్కి కొట్టకుండా రెసిస్టర్ పెట్టే దగ్గర. 120 ఓమ్స్ రెసిస్టర్ లైన్ రెండు కొసల్లో మాత్రమే ఉండాలి. ప్రతి పరికరం దగ్గరా స్విచ్ ఆన్ చేసేస్తారు. పది పరికరాలుంటే అన్నీ ప్యారలల్‌లో కలిసి 12 ఓమ్స్ అయిపోతుంది, సిగ్నల్‌ని తీగలోకి నెట్టే డ్రైవర్ సర్క్యూట్ ఆ భారం లాగలేదు. చూసుకోవడం చాలా తేలిక. పవర్ అంతా తీసేసి ఏ, బీ తీగల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 60 ఓమ్స్‌కి అటూఇటూ చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు. 120 చూపిస్తే ఒక కొసలో రెసిస్టర్ లేదు. 30, 20 చూపిస్తే ఎక్కడో అదనంగా ఉన్నాయి. ఇంకోటి: పరికరాల్ని గొలుసులా వరసగా కలపాలి. మధ్యలో ఒక పెట్టె పెట్టి దాన్నుంచి నలువైపులకీ చీల్చితే, ప్రతి చీలిక చివర్నుంచీ సిగ్నల్ వెనక్కి కొడుతుంది.

ఈ పద్ధతి తట్టుకునే ఎర్త్ తేడా ఎటువైపైనా 7 వోల్టులే. అంతకుమించే అవకాశం ఉంటే ఐసోలేటెడ్ ట్రాన్సీవర్, అంటే లైన్‌కీ పరికరానికీ మధ్య కరెంటుకి నేరు దారి లేకుండా పంపడం, అందుకోవడం చేసే చిప్, తీసుకోండి.

ఈథర్‌నెట్ కేబుల్. ఒకే బిల్డింగ్‌లో, 100 మీటర్ల లోపు అయితే ఆలోచించకుండా ఇదే. క్యాట్5ఈ రకం కేబుల్ మీద 1 గిగాబిట్ హాయిగా పోతుంది. 10 గిగాబిట్లు కావాలంటే క్యాట్6లో 55 మీటర్ల వరకే భరోసా, క్యాట్6ఏలో పూర్తి 100 మీటర్లు. దీని అసలు బలం స్పీడు కాదు, పవర్ ఓవర్ ఈథర్‌నెట్. అదే కేబుల్‌లో పవర్ కూడా వెళ్తుంది. పాత ప్రమాణంలో పంపే చివర 15.4 వాట్లు, తర్వాతిదాంట్లో 30, సరికొత్తదాంట్లో 90 దాకా. కెమెరాకి ఇంతకన్నా ఏం కావాలి?

రెండు జాగ్రత్తలు. కనెక్టర్ బిగించేటప్పుడు జతల మెలిక 13 మిల్లీమీటర్లకి మించి విప్పకండి, మెలిక పోయినచోట నాయిస్‌ని కొట్టేసే గుణం కూడా పోతుంది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుల్ చూడ్డానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. దాని రెసిస్టెన్స్ ఎక్కువ, పొడవు లైన్లలో కెమెరా పగలు పనిచేసి రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే రీస్టార్ట్ అవుతుంది. వోల్టేజ్ డ్రాప్ అని తేలేలోపు కెమెరానే మార్చేసేవాళ్లు ఉన్నారు.

కోయాక్సియల్. 1880లో ఆలివర్ హెవీసైడ్ పేటెంట్ తీసుకున్న ఈ తీగలో సిగ్నల్ లోపలి తీగకీ చుట్టూ ఉన్న కవచానికీ మధ్య బందీగా నడుస్తుంది. యాంటెన్నాకీ రేడియోకీ మధ్య ఇప్పటికీ ఇదే గతి. కొత్తగా డేటా లైన్ వేస్తుంటే మాత్రం దీని జోలికి వెళ్లకండి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. మామూలు టీవీ కేబుల్ ఆర్‌జీ-6లో 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకి 6, 7 డీబీ పోతే, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 20 డీబీ, అంటే వందలో తొంభై తొమ్మిది వంతుల పవర్, తీగలోనే ఆవిరి. రేడియో పనికి 50 ఓమ్స్, టీవీ పనికి 75 ఓమ్స్ వాడతారు. ఒకదానికొకటి తగిలిస్తే 4 శాతం పవర్ వెనక్కి తిరుగుతుంది. ఒక్కచోట అయితే సర్దుకుపోవచ్చు.

## ఫైబర్: భయపడాల్సినంత ఏమీ లేదు

ఫైబర్ అంటే సిగ్నల్ కాంతిగా నడిచే సన్నటి గాజు పోగు. 1966లో చార్లెస్ కావో అనే ఇంజనీర్ గాజులోని మలినాలు తీసేస్తే కిలోమీటర్‌కి నష్టం 20 డీబీ కన్నా తగ్గించొచ్చని చెప్పినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. 1970లో కార్నింగ్ సంస్థ 17 డీబీ సాధించింది. ఇప్పుడు 1,550 నానోమీటర్ల దగ్గర 0.2 డీబీ మాత్రమే. కోయాక్స్ 100 మీటర్లలో పోగొట్టుకునే 20 డీబీని ఫైబర్ 100 కిలోమీటర్లలో పోగొట్టుకుంటుంది. కావోకి 2009లో నోబెల్ వచ్చింది.

నాకు మాత్రం ఫైబర్‌లో నచ్చేది దాని దూరమో వేగమో కాదు, అది గాజు కావడం. రెండు బిల్డింగుల మధ్య, లేదా బిల్డింగ్‌కీ ఆరుబయట స్తంభానికీ మధ్య 50 మీటర్లే ఉన్నా సరే ఫైబరే వేయమంటాను. ఎర్త్ తేడా దాటదు, పిడుగు సర్జ్ దాటదు, పక్కనే పెద్ద మోటార్ తిరుగుతున్నా పట్టించుకోదు. ఒక్క షరతు: లోపల ఉక్కు కవచమో ఉక్కు తీగో లేని రకం చూసి తీసుకోవాలి, లేదంటే ఆ ఉక్కే దారి ఇస్తుంది.

సింగిల్‌మోడా, మల్టీమోడా? సింగిల్‌మోడ్ కోర్ (కాంతి నడిచే మధ్య భాగం) వ్యాసం సుమారు 9 మైక్రాన్లు, మల్టీమోడ్‌ది 50 లేదా 62.5. రెండిటికీ బయటి గాజు 125 మైక్రాన్లే. వెడల్పు కోర్‌లో కాంతి రకరకాల దారుల్లో వెళ్లి వేర్వేరు సమయాల్లో చేరుతుంది, అందుకే ఓఎం3 అనే మల్టీమోడ్ రకంలో 10 గిగాబిట్లు 300 మీటర్లకే పరిమితం. ఒకప్పుడు మల్టీమోడ్ ట్రాన్సీవర్లు బాగా చవక కాబట్టి దానికో అర్థం ఉండేది. ఇప్పుడు కొత్తగా వేసేవాళ్లకి సింగిల్‌మోడే చెబుతాను. భూమిలో గాజు అలాగే ఉంటుంది, స్పీడు కావాల్సినప్పుడు చివర్లలో ఎలక్ట్రానిక్స్ మార్చుకుంటే చాలు. జాకెట్ పసుపు రంగులో ఉంటే సాధారణంగా సింగిల్‌మోడ్, ఆక్వా లేదా ఆరెంజ్ అయితే మల్టీమోడ్.

ఫైబర్ లింక్ చెడిందంటే నేను మొదట అనుమానించేది కనెక్టర్ మీద దుమ్ము. కోర్ 9 మైక్రాన్లే కదా, కంటికి కనబడని ఒక్క రేణువు దాని మీద కూర్చుంటే దారి మూసుకుపోయినట్టే. తగిలించే ప్రతిసారీ క్లీనర్‌తో తుడవాలి, కొత్త ప్యాకెట్‌లోంచి తీసింది కూడా. నీలం కనెక్టర్‌ని ఆకుపచ్చ దాంట్లో దూర్చకండి. ఆకుపచ్చది 8 డిగ్రీల ఏటవాలుగా చెక్కి ఉంటుంది, రెండూ సరిగ్గా ఆనవు, నష్టం విపరీతంగా వస్తుంది. వెలుగు వస్తోందా అని కన్ను పెట్టి చూడొద్దు. ఆ లేజర్ కంటికి కనబడదు, కన్ను మాత్రం దెబ్బతింటుంది.

లోటు ఒకటే: గాజులో కరెంట్ పోదు. అవతలి చివర పవర్ ఏర్పాటు వేరేగా చేసుకోవాలి. తెగితే అతకడానికి ఫ్యూజన్ స్ప్లైసర్ (గాజుని కరిగించి అతికే యంత్రం) ఉన్నవాళ్లు కావాలి, కాబట్టి ముందే అదనపు గాజు పోగులు ఉన్న కేబుల్ వేసుకోవడం తెలివైన పని.

## రేడియో: లెక్క వేయకుండా దిగొద్దు

తీగ లేకపోవడం సుఖంగానే ఉంటుంది. కానీ తీగలో సిగ్నల్ మీది, గాలిలో అది అందరిదీ. అడ్డొచ్చే గోడ, పక్కింటి రౌటర్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ మీ లింక్‌లో భాగస్వాములే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తాకకుండా వాడుకోగలిగే వైఫై ఛానళ్లు మామూలుగా మూడే: 1, 6, 11.

ఒక లెక్క చేసి చూద్దాం. దూరం 1 కిలోమీటర్, మధ్యలో అడ్డేమీ లేదు. ఖాళీ గాలిలో నష్టం డీబీల్లో ఇలా వస్తుంది: దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని దాని లాగరిథమ్‌ని 20తో గుణించాలి, మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీకీ అలాగే చేయాలి, రెండూ కూడి 32.4 కలపాలి. 2,400 మెగాహెర్ట్జ్‌కి ఇది 100 డీబీ.

వైఫై పవర్ 20 డీబీఎం, రెండు వైపులా 2 డీబీ లాభం ఇచ్చే యాంటెన్నాలు అనుకుంటే రిసీవర్‌కి చేరేది మైనస్ 76 డీబీఎం. ఇప్పుడు నాయిస్. గది ఉష్ణోగ్రత దగ్గర ప్రతి హెర్ట్జ్‌కీ మైనస్ 174 డీబీఎం వేడి నాయిస్ ఎప్పుడూ ఉంటుంది. వైఫై బ్యాండ్‌విడ్త్ కోసం 20 మెగాహెర్ట్జ్ వెడల్పు తలుపు తెరిస్తే అది మైనస్ 101 అవుతుంది. రిసీవర్ సొంత నాయిస్ 6 డీబీ కలిపితే మైనస్ 95. సిగ్నల్ నాయిస్ కన్నా 19 డీబీ పైన ఉంది. కాగితం మీద బానే ఉంది. కానీ మధ్యలో ఒక గుబురు చెట్టో కాంక్రీట్ గోడో వస్తే ఆ 19 ఎటు పోతుందో తెలియదు.

అదే 1 కిలోమీటర్‌కి లోరా. ఫ్రీక్వెన్సీ 866 మెగాహెర్ట్జ్ అనుకుంటే నష్టం 91 డీబీ. పవర్ తక్కువే, 14 డీబీఎం, యాంటెన్నాలు అవే. చేరేది మైనస్ 73. బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జే కాబట్టి నాయిస్ మైనస్ 117. ఇక్కడే 44 డీబీ మిగులుంది. పైగా లోరా బిట్లని ఫ్రీక్వెన్సీ జారుతూ పోయే పొడవాటి చిర్ప్‌లుగా పరిచి పంపుతుంది. అన్నిటికన్నా నెమ్మది సెట్టింగ్‌లో సిగ్నల్ నాయిస్ కన్నా 20 డీబీ కింద ఉన్నా రిసీవర్ పట్టేస్తుంది. మొత్తం మిగులు 64 డీబీ. వైఫైలో నాలుగో వంతు పవర్‌తోనే ఇంత మిగులు రావడానికి కారణం స్పీడు వదులుకోవడం. ఆ సెట్టింగ్‌లో వేగం సెకనుకి 250 బిట్ల చుట్టుపక్కల. 100 కిలోబైట్ల ఫోటో ఒకటి పంపాలంటే 50 నిమిషాలు దాటుతుంది. లోరా మీద కెమెరా పెట్టాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవాలి.

దూరం రెట్టింపైతే నష్టం 6 డీబీ పెరుగుతుంది, అంతే. అందుకే ఖాళీ గాలిలో రేడియోకి దూరం అంత పెద్ద శత్రువు కాదు, అడ్డాలే శత్రువులు. అవతలి యాంటెన్నా కంటికి కనబడితే చాలదు. రెండు యాంటెన్నాలని కలిపే చూపు గీత చుట్టూ ఫ్రెనెల్ జోన్ అనే కోడిగుడ్డు ఆకారపు చోటు ఖాళీగా ఉండాలి. 1 కిలోమీటర్, 2.4 గిగాహెర్ట్జ్ లింక్‌కి మధ్యలో దాని వ్యాసార్ధం 5.6 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే గీతకి చుట్టూ 3 మీటర్ల పైచిలుకు, అడ్డం లేకుండా ఉండాలి. చాలా లింకులు పవర్ పెంచడం వల్ల కాదు, యాంటెన్నా రెండు మీటర్లు పైకి లేపడం వల్ల బాగుపడతాయి.

వీడియో కావాలి, తవ్వడం కుదరదు, చూపు గీత ఖాళీగా ఉంది అంటే 5 గిగాహెర్ట్జ్ డిష్ జత, అంటే ఎదురెదురుగా పెట్టే రెండు రేడియో డిష్‌లు, మంచి ఎంపిక. అటువైపు నెట్‌వర్కే లేదంటే మొబైల్ నెట్‌వర్క్ మోడెమ్. ఇది కవరేజ్ మీద, ఇంకొకరి టవర్ మీద ఆధారపడే బతుకు. అదీ లేకపోతే శాటిలైట్. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి కాంతి వేగంతోనే 0.48 సెకన్లు పడుతుంది. ఏ కంపెనీ పరికరం కొన్నా ఇది తగ్గదు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల్లో ఈ బాధ లేదు. 10 గిగాహెర్ట్జ్ దాటిన బ్యాండ్లలో మాత్రం గట్టి వాన కొడితే సిగ్నల్ పడిపోతుంది.

ఏ బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదో, ఎంత పవర్ వరకు అనుమతి ఉందో దేశాన్నిబట్టి మారుతుంది. ఒక చోట వాడే 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ ఇంకోచోట చట్టవిరుద్ధం కావచ్చు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందే చూసుకోండి.

## అన్నీ ఒక్కచోట

| ఎంపిక | నమ్మదగిన దూరం | వేగం | పిడుగు, ఎర్త్ బెడద | అదే దారిలో పవర్ |
|---|---|---|---|---|
| 4–20 మిల్లీఆంప్ లూప్ | వందల మీటర్లు | ఒక కొలత | ఉంది | అవును |
| ఆర్‌ఎస్-485 | 1,200 మీటర్లు, తక్కువ వేగంలో | 100 కిలోబిట్లు | ఉంది, ఐసోలేషన్‌తో తగ్గుతుంది | వేరే జత తీగలతో |
| ఈథర్‌నెట్ | 100 మీటర్లు | 1–10 గిగాబిట్లు | ఉంది | అవును, 90 వాట్ల దాకా |
| సింగిల్‌మోడ్ ఫైబర్ | పదుల కిలోమీటర్లు | గిగాబిట్లు, ఆపైన | లేదు | లేదు |
| వైఫై | గదులు, ఆవరణ | పదుల నుంచి వందల మెగాబిట్లు | యాంటెన్నా బయట ఉంటే ఉంది | లేదు |
| 5 గిగాహెర్ట్జ్ డిష్ జత | కొన్ని కిలోమీటర్లు, చూపు గీతలో | వందల మెగాబిట్లు | స్తంభం మీద ఉంది | లేదు |
| లోరా | కిలోమీటర్లు | 50 కిలోబిట్ల లోపు | తక్కువ | లేదు, బ్యాటరీ చాలు |

## మీరు ఎవరైతే ఏది?

ప్రాజెక్ట్ చేస్తున్న స్టూడెంట్ అయితే ఆర్‌ఎస్-485తో మొదలుపెట్టండి. వైఫై మాడ్యూల్ తగిలిస్తే ఒక సాయంత్రంలో పని అయిపోతుంది, కానీ లోపల ఏం జరిగిందో తెలియదు. 485లో డిఫరెన్షియల్ సిగ్నల్, టెర్మినేషన్, రిఫ్లెక్షన్ అన్నీ ఆసిలోస్కోప్‌లో కళ్లారా చూడొచ్చు. రెసిస్టర్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి పల్స్ అంచులు చూస్తే పుస్తకంలో ఒక అధ్యాయం చదివినట్టే.

ఆరుబయట దూరదూరంగా సెన్సార్లు పెట్టేవాళ్లయితే, రీడింగులు నిమిషాలకోసారి చాలనుకుంటే, లోరా. వాల్వు తిప్పడం లాంటి కమాండ్లు కూడా పంపాలంటే పరికరం ఎప్పుడు వింటుందో ముందు చూసుకోండి. బ్యాటరీ ఆదా కోసం అవి ఎక్కువసేపు నిద్రపోతాయి, మీ కమాండ్ అది లేచేదాకా ఆగుతుంది.

కెమెరాలు పెట్టేవాళ్లు బిల్డింగ్ లోపల ఈథర్‌నెట్‌తో పవర్ ఇచ్చేయండి. ఆవరణ చివరి స్తంభాలకి ఫైబర్ లాగి, అక్కడే కరెంట్ తీసుకుని చిన్న స్విచ్ పెట్టండి. వైఫై కెమెరా అద్దెకున్న చోట, గోడకి రంధ్రం పెట్టనివ్వనప్పుడు తప్ప నేను చెప్పను.

ఫ్యాక్టరీ, మోటార్లు, వెల్డింగ్ మధ్య అయితే ఒక్కో సెన్సార్‌కి లూప్, గుంపుగా ఉంటే ఐసోలేటెడ్ 485, ఒక షెడ్ నుంచి ఇంకో షెడ్‌కి ఫైబర్. మోటార్ స్పీడు మార్చే వీఎఫ్‌డీ ఉన్నచోట డేటా కేబుల్‌ని పవర్ కేబుల్‌తో ఒకే ట్రేలో పడుకోబెట్టకండి. దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి.

రెండు బిల్డింగులు కలపాల్సినవాళ్లు తవ్వగలిగితే ఫైబర్, లేకపోతే డిష్ జత. ఈ రెండూ కాదని ఈథర్‌నెట్ కేబుల్ గాలిలో వేలాడదీస్తే, తొలి ఉరుముల కాలం దాకా బాగానే ఉంటుంది.

అయినా తేలట్లేదు, రెండేళ్ల తర్వాత అవసరం ఏమవుతుందో తెలియట్లేదు అంటే కేబుల్ కన్నా పైపు మీద దృష్టి పెట్టండి. ఇవాళ్టి అవసరానికి కావాల్సినదానికన్నా ఒక సైజు పెద్ద పైపు వేసి, మలుపులు గుండ్రంగా తిప్పి, కేబుల్‌తోపాటు ఒక నైలాన్ తాడు కూడా లోపల వదిలేయండి. రాగి తీసి ఫైబర్ లాగాల్సిన రోజు వస్తే మళ్లీ తవ్వే పని ఉండదు.